కొత్త ఊపిరి, పాత ఒళ్ళు

(సూరత్ అవయవదాతల స్మృతిలో, ఈ నగరంలోని తెలుగువారి సభలో చేసిన ఉపన్యాసానికి ముద్రిత రూపం)



స్మారక సభ అంటే ఒక పటం ఉంటుంది, పటానికి దండ ఉంటుంది. ఈ సాయంత్రం ఇక్కడ పటం లేదు. ఎవరి స్మృతిలో నన్ను మాట్లాడమన్నారో వాళ్ళ పేర్లు నేను చెప్పను. రోడ్డు మీద ప్రమాదం జరిగో, మేడ మీంచి పడో, మెదడులో రక్తనాళం చిట్లో పోయినవాళ్ళు వాళ్ళు. ఇంటివాళ్ళు ఏడుపు ఆపుకోలేని గంటలోనే ఒక కాగితం మీద సంతకం పెట్టారు. ఆ సంతకాల వల్లే ఈ ఊరి నుంచి గుండెలు, కాలేయాలు, మూత్రపిండాలు, ఊపిరితిత్తులు అహ్మదాబాదుకు, ముంబయికి, చెన్నైకి, హైదరాబాదుకు చేరాయి.

2020 డిసెంబరు నాటి సంగతి మీలో చాలామందికి తెలుసు. ఈ ఊరి పసివాడు, రెండున్నరేళ్ళవాడు, బ్రెయిన్ డెడ్ అయ్యాడని వైద్యులు తేల్చారు. అమ్మానాన్నలు అవయవదానానికి ఒప్పుకున్నారు. నీలేశ్ మండలేవాలా స్థాపించిన డొనేట్ లైఫ్ సంస్థ దగ్గరుండి ఏర్పాట్లు చూసింది. గుండె, ఊపిరితిత్తులు విమానమెక్కి చెన్నై ఎంజీఎం హెల్త్‌కేర్ ఆస్పత్రికి వెళ్ళాయి. సుమారు 1,600 కిలోమీటర్లు, మూడు గంటల లోపు. గుండెను రష్యా నుంచి వచ్చిన చిన్నారికి, ఊపిరితిత్తుల్ని ఉక్రెయిన్ నుంచి వచ్చిన చిన్నారికి అమర్చారు. ఇద్దరికీ నాలుగేళ్ళే. ఆ తర్వాత పద్నాలుగు నెలలకు ఆ రెండు దేశాల మధ్య పూర్తి స్థాయి యుద్ధం వచ్చింది.

పత్రికలు అవయవాలున్న పెట్టె ఆస్పత్రి గుమ్మం చేరేదాకా రాస్తాయి. పోలీసులు దారి ఎలా ఖాళీ చేయించారు, అంబులెన్సు ఎన్ని నిమిషాల్లో వెళ్ళింది, విమానం ఎప్పుడు దిగింది, అన్నీ వస్తాయి. రావలసినవే. గుండె ఒంట్లోంచి బయటికొచ్చాక నాలుగు గంటలు, ఊపిరితిత్తులు ఆరు నుంచి ఎనిమిది గంటలు; ఆ లోపు మరో ఒంట్లో రక్తం పారాలి. పైగా బ్రెయిన్ డెడ్ అయిన వాళ్ళలో అయిదుగురిలో ఒకరి ఊపిరితిత్తులు మాత్రమే పనికొస్తాయి. ఐసీయూలో ఉన్న కొద్ది రోజుల్లోనే వాటికి న్యుమోనియా పట్టుకుంటుంది, నీరు చేరుతుంది. అంత అరుదైన వస్తువు ఈ ఊరి నుంచి వెళ్ళింది. వెళ్ళాక ఏమయిందన్నది ఎవరూ రాయరు. నేను ఛాతీ జబ్బుల వైద్యంలో ఉన్నవాణ్ణి కనక, పెట్టె తెరిచిన తర్వాతి కథ చెప్పడానికి ఒప్పుకున్నాను. అది ఆపరేషన్ బల్ల మీద ముగిసే కథ కాదు. ఇంట్లో, పేటలో, పనిచేసే చోట ఏళ్ళ తరబడి నడిచే కథ. అందులో డాక్టరు పాత్ర మీరనుకునేంత పెద్దది కాదు. ఇవాళ నేను చెప్పదలచుకున్నది ఇంతే.

ఇందుకు సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే జబ్బును ఎంచుకున్నాను. ఊపిరితిత్తులు మార్పించుకునే వాళ్ళలో పాతికేళ్ళ లోపు కుర్రవాళ్ళకు పడమటి దేశాల్లో చాలాకాలం ఎక్కువగా ఉంటూ వచ్చిన జబ్బు ఇది. నేను చెప్పబోయే కుర్రవాడు ఫలానా అని కాదు. ఈ జబ్బుతో పుట్టి, ఇరవై ఏళ్ళు లాక్కొచ్చి, కొత్త ఊపిరితిత్తులు పెట్టించుకున్న ఎవరికైనా ఈ దారి తప్పదు. అతని ఇల్లు ఇక్కడే లింబాయత్‌లోనో ఉధ్నాలోనో ఉందనుకోండి. అప్పుడు నా మాటలు మీ ఇంటి మాటల్లా వినిపిస్తాయి.

మన ఒంట్లో కణాల గోడల మీద ఉప్పు, నీరు అటూ ఇటూ సాగనిచ్చే చిన్న ద్వారాలుంటాయి. ఏడో క్రోమోజోమ్ మీది ఒక జన్యువు చెప్పినట్టు అవి తయారవుతాయి. తల్లి నుంచీ తండ్రి నుంచీ చెడ్డ ప్రతే వస్తే ద్వారం సరిగా తయారు కాదు. ఊపిరి గొట్టాల్లో పల్చగా జారిపోవాల్సిన తేమ, చీరకు పెట్టే గంజిలా చిక్కబడి పట్టేస్తుంది. అందులో సూక్ష్మజీవులు కాపురం పెడతాయి, ముఖ్యంగా సూడోమోనాస్. క్లోమం నుంచి జీర్ణరసాలు పేగుకు చేరవు, తిన్న నూనె, నెయ్యి ఒంటికి పట్టవు. చెమటలో మాత్రం ఉప్పు ఎక్కువగా పోతుంది. నుదుటి మీద ముద్దు పెడితే ఉప్పగా తగిలే బిడ్డ ఎక్కువకాలం బతకదని యూరప్ పల్లెల్లో వెనకటికి ఒక నమ్మకం ఉండేది. జబ్బుకు పేరు లేని కాలంలోనే తల్లులకు అది తెలుసు. 1938లో న్యూయార్క్‌లో డొరొతీ ఆండర్సన్ అనే డాక్టరమ్మ దీన్ని విడి జబ్బుగా వర్ణించింది. అదే నగరంలో 1948 వేసవిలో వడగాలులకు ఈ జబ్బున్న పిల్లలు సొమ్మసిల్లి ఆస్పత్రికి రావడం చూసి పాల్ డి సాంట్ ఆగ్నేస్ చెమట మీద దృష్టి పెట్టాడు. 1953లో ఉప్పు సంగతి తేల్చాడు. జన్యువు దొరికింది 1989లో.

ఇది తెల్లవాళ్ళ జబ్బనీ మనకు రాదనీ చాలాకాలం మన పాఠ్యపుస్తకాల్లోనే ఉండేది. ఢిల్లీ ఎయిమ్స్‌లో డాక్టర్ ఎస్.కె. కాబ్రా వంటివారు ఏళ్ళ తరబడి పిల్లల్ని పరీక్షించి ఆ మాట తప్పని చూపించారు. అయినా మన దేశంలో దగ్గు మానని బిడ్డ కనబడితే ముందు గుర్తొచ్చేది క్షయ. ఆరు నెలలు టీబీ మందులు, తగ్గకపోతే మళ్ళీ ఇంకో కోర్సు. ఈలోపు ఊపిరి గొట్టాలు శాశ్వతంగా చెడిపోతాయి. చెమట పరీక్ష బిడ్డకు ఏమంత బాధ పెట్టేది కాదు. చేతి మీద మందు పెట్టి చిన్న కరెంటుతో చెమట పట్టించి, దాన్ని పీల్చి, అందులో క్లోరైడ్ కొలుస్తారు. లీటరుకు 60 మిల్లీమోల్స్ దాటితే జబ్బు ఉన్నట్టే. కానీ ఆ పరీక్షను సరిగ్గా చేసే చోట్లు దేశంలో చాలా తక్కువ. జన్యు పరీక్షలోనూ ఒక తిరకాసు ఉంది. యూరప్‌లో ఎక్కువమందిలో కనిపించే ఒక లోపం మన దగ్గర అంత ఎక్కువ కాదు. అక్కడి కొలతతో తయారైన పరీక్షలో ఏమీ కనబడలేదంటే జబ్బు లేదని కాదు.

మేనరికం గురించి మనవాళ్ళ సభలో మాట్లాడకపోతే నేను పని ఎగ్గొట్టినట్టే. ఈ చెడ్డ ప్రతి ఒక్కటే ఉన్నవాళ్ళకు ఏ బాధా ఉండదు, వాళ్ళకు తెలియనే తెలియదు. అలాంటి ఇద్దరికి పెళ్ళయితే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అపాయం. మేనమామ కూతురిలో, మేనత్త కొడుకులో ఒకే తాత నుంచి వచ్చిన ఒకే ప్రతి ఉండే అవకాశం బయటివాళ్ళకన్నా చాలా ఎక్కువ. ఊరు వదిలి వెయ్యి కిలోమీటర్లు వచ్చాక సంబంధాలు ఇంకా దగ్గర చుట్టాల్లోనే వెతుక్కుంటాం. ఎందుకో నాకు తెలుసు, దాన్ని తప్పుపట్టడానికి రాలేదు. కానీ ఇంట్లో ఒక బిడ్డకు ఈ జబ్బని తేలితే, మిగతా పిల్లల పెళ్ళి మాటలకు ముందు జన్యు సలహా తీసుకోండి. కోడలి మీద నింద వేయకండి. సగం తండ్రి నుంచి వచ్చింది.

ఇప్పుడు మన కుర్రవాడి దగ్గరికి వద్దాం. ఇరవై దాటాడు. ఒక సెకనులో బలంగా ఊదగలిగిన గాలి, ఆ వయసుకు ఉండాల్సిన దానిలో ముప్పై శాతానికి పడిపోయింది. ఇంట్లో ఆక్సిజన్ యంత్రం. మెట్లు ఎక్కలేడు. తింటే ఆయాసం, తినకపోతే నీరసం. ఇక మార్పిడి తప్ప దారి లేదు. ఇతనికి ఒక్క ఊపిరితిత్తి మారిస్తే చాలదు. పాతదాన్ని ఉంచితే అందులోని క్రిములు కొత్తదాన్ని పట్టుకుంటాయి, అందుకని రెండూ తీసి రెండూ పెట్టాలి.

ఈ ఆపరేషన్ ఒక్కరోజులో నేర్చుకున్నది కాదు. 1963 జూన్‌లో అమెరికాలోని మిసిసిపీలో జేమ్స్ హార్డీ తొలిసారి మనిషికి ఊపిరితిత్తి మార్చాడు. రోగి 18 రోజులు బతికాడు. ఆ తర్వాత ఇరవై ఏళ్ళపాటు చేసినవన్నీ ఇంచుమించు విఫలమే. గొట్టాన్ని గొట్టానికి కుట్టిన చోట అతుకు మానేది కాదు. టొరంటోలో జోయెల్ కూపర్ 1983లో ఒక ఊపిరితిత్తితో, 1986లో రెండింటితో ఆ చిక్కు విప్పాడు. మన దగ్గర ఇది వేళ్ళూనుకున్నది గత పదిహేనేళ్ళలోనే. 2020 సెప్టెంబరులో, కోవిడ్ మధ్యలో, హైదరాబాద్ కిమ్స్‌లో డాక్టర్ సందీప్ అత్తావర్ బృందం చండీగఢ్ యువకుడొకరికి రెండు ఊపిరితిత్తులూ మార్చింది. సార్కాయిడోసిస్‌తో అవి చెడిపోయి ఉండగా అతనికి కోవిడ్ సోకింది. దాత ఊపిరితిత్తులు వచ్చింది కోల్‌కతా నుంచి. కుట్టే చేతులు ఇప్పుడు మన దేశంలో ఉన్నాయి.

దొరకని వాళ్ళ సంగతీ చెప్పాలి. ఫ్రాన్స్‌లో గ్రెగొరీ లెమార్షాల్ అనే కుర్రవాడు 2004లో టెలివిజన్ పాటల పోటీలో గెలిచి దేశమంతటికీ తెలిశాడు. అతనికి ఇదే జబ్బు. ఊపిరితిత్తుల కోసం ఎదురుచూస్తూ 2007 ఏప్రిల్ 30న పోయాడు, ఇరవై నాలుగు నిండకుండానే. అతని పాట విన్న జనం ఆ తర్వాత అవయవదాన కార్డుల కోసం బారులు కట్టారు. ఆ కార్డులు వేరెవరికో పనికొచ్చి ఉంటాయి. అతనికి రాలేదు.

ఆపరేషన్ అయింది. రొమ్ముకు అడ్డంగా చంక నుంచి చంక దాకా కోత. ఛాతీకి నాలుగు గొట్టాలు. అంతా సవ్యంగా ఉంటే ఒకటి రెండు రోజుల్లో వెంటిలేటర్ తీస్తారు. అప్పుడు ఫిజియోథెరపిస్టు మంచం అంచున కూర్చోబెట్టి, దిండును గుండెలకు హత్తుకోమని చెప్పి, "దగ్గు బాబూ" అంటుంది. ఇరవై ఏళ్ళుగా రాత్రీ పగలూ దగ్గిన కుర్రవాడు, తరగతిలో అందరూ తిరిగి చూస్తుంటే దగ్గు మింగుకున్న కుర్రవాడు, ఇప్పుడు దగ్గడం కొత్తగా నేర్చుకోవాలి. ఊపిరి గొట్టాలు కోసినప్పుడు వాటితోపాటు నరాలూ తెగుతాయి. అతుకు కింద ఏం చేరినా అతనికి తెలియదు, గరగర ఉండదు, దగ్గు రాదు. అందుకని గడియారం చూసి, లోతుగా పీల్చి, నోరు గుండ్రంగా తెరిచి "హా" అని బలంగా వదిలి, పనిగట్టుకుని దగ్గాలి. దిండు ఎందుకంటే ఛాతీ ఎముక ఇంకా అతకలేదు. దగ్గిన ప్రతిసారీ అది విడిపోతుందేమోనని కుర్రవాడి కళ్ళల్లో భయం. దిండు మీద అతని చేతులు, ఆ చేతుల మీద ఆమె చేతులు. పది నిమిషాలు అలా సాగుతుంది. రోజుకు ఎన్నోసార్లు.

ఇంకో విచిత్రం. ఆక్సిజన్ 98 చూపిస్తుంటుంది, అయినా అతను మెడ కండరాలతో, భుజాలు ఎగరేస్తూ పీలుస్తుంటాడు. పాత అలవాటు ఒళ్ళు వదలదు. ముక్కు దగ్గర గొట్టం తీసేశాక కూడా చెయ్యి అక్కడికే వెళుతుంది. నడిపిస్తే ఈసారి ముందు ఆగేది ఊపిరి కాదు, కాళ్ళు. ఏళ్ళ తరబడి మంచం పట్టిన కండరాలు, వాటి మీద స్టెరాయిడ్లు. మొదటి మూడు నెలల కసరత్తంతా నిజానికి తొడలకూ పిక్కలకూ. అన్నం తినే పళ్ళేనికి మించి బరువు ఎత్తనివ్వని తల్లీ, పరిగెత్తాలని తొందరపడే కొడుకూ, ఇద్దరూ పొరబాటే. రోజూ కొలిచి పెంచాలి. కొన్ని నెలలకు, జబ్బుతో ఉబ్బి గుండ్రబడిన వేళ్ళ కొసలు మామూలుగా అవుతాయి. వైద్యుడిగా నాకు ఎక్స్‌రే కంటే ఎక్కువ సంతోషం ఇచ్చేది ఆ వేళ్ళే.

ఇక్కడే చాలామంది "జబ్బు పోయింది" అంటారు. పోలేదు. కొత్త ఊపిరితిత్తులు దాతవి. వాటి కణాల్లో ద్వారాలు సరిగానే ఉన్నాయి, ఈ జబ్బు వాటికి ఎప్పటికీ రాదు. మిగతా ఒళ్ళంతా పాతదే. క్లోమం పనిచేయదు కనక అన్నం ముద్దతోపాటు ఎంజైము గుళికలు మింగాల్సిందే. మధుమేహం రావచ్చు, అంతకుముందే ఉంటే ముదరవచ్చు. ముక్కు చుట్టూ ఉన్న గదుల్లో పాత సూడోమోనాస్ పొంచి ఉంటుంది. ఉప్పునీటితో ముక్కు కడుక్కోకపోతే అది కిందికి దిగి కొత్త ఇంటికి నిప్పు పెట్టొచ్చు. సూరత్ ఎండకు చెమటలో ఉప్పు ఇదివరకులాగే పోతుంది. ఊరందరికీ ఉప్పు తగ్గించమని చెప్పే డాక్టర్లు, బీపీ పెంచే మందులు వాడుతున్న ఇతనికి మాత్రం వేసవిలో ఉప్పూ నీళ్ళూ కొలిచి ఇవ్వాల్సి వస్తుంది. పొరుగింటి సలహా ఇతనికి పనికిరాదు.

మందుల్లో ముఖ్యమైనది టాక్రోలిమస్. కొత్త అవయవాన్ని ఒళ్ళు శత్రువనుకుని తినేయకుండా కాపలా కాసేది అదే. 1984లో జపాన్‌లోని త్సుకుబా మట్టిలో దొరికిన సూక్ష్మజీవి నుంచి అది వచ్చింది. మట్టిలోంచి వచ్చిన మందు మింగేవాడు, మట్టి తవ్వే చోటికి మాత్రం వెళ్ళకూడదు. పన్నెండు గంటలకోసారి, ఉదయం ఎనిమిదికైతే రాత్రి ఎనిమిదికి, తప్పకూడదు. రక్తంలో ఎంత ఉందో చూసే పరీక్షకు పొద్దున్నే మాత్ర వేసుకోకుండా వెళ్ళాలి. మాత్ర జేబులో పెట్టుకుని ల్యాబుకు వెళ్ళి, రక్తం ఇచ్చాక అక్కడే మింగాలి. అలవాటు చొప్పున ఇంట్లోనే మింగేసి వెళితే అంకె తప్పు వస్తుంది, దాన్ని చూసి మోతాదు తప్పుగా మారుస్తారు. కొవ్వు సరిగా ఇంకని పేగులు కనక ఈ జబ్బువాళ్ళకు మోతాదు కూడా ఎక్కువే పడుతుంది. మొదట్లో వేళ్ళు వణుకుతాయి. నేతవాళ్ళ ఇంట్లో పుట్టిన కుర్రవాడు తెగిన పోగు ముడి వేయలేక చెయ్యి చూసుకుంటూ కూర్చుంటాడు. ఆ వణుకు చాలామందికి తగ్గుతుంది. ఇది ముందే చెప్పాలి, చెప్పకపోతే తన బతుకు ఇంతే అనుకుంటాడు.

ఇక ఇల్లు. 1994 సెప్టెంబరు మీలో యాభై దాటినవాళ్ళకు గుర్తుంది కదూ. ఊపిరితిత్తుల ప్లేగు అనగానే లక్షల మంది రైళ్ళకు, బస్సులకు వేలాడుతూ ఊరు విడిచిపోయారు. మరుసటి ఏడాది కమిషనర్‌గా వచ్చిన మన సూర్యదేవర రామచంద్రరావుగారు పొద్దున్నే వీధుల్లో తిరిగి, చెత్త ఎత్తించి, హోటళ్ళ వంటగదుల్లోకి వెళ్ళి ఈ ఊరి ముఖం మార్చారు. ఒక నగరం శుభ్రపడితే ఊపిరితిత్తులు ఎంతగా బతుకుతాయో సూరత్‌కు వేరే చెప్పనక్కరలేదు. మన కుర్రవాడి గది విషయంలో అదే పట్టుదల కావాలి. తాపీ నది వరద నీరు ఎక్కిన గోడలకు ఉండే నల్లటి బూజు, తడిసిన పరుపు, కూల్చుతున్న పక్కింటి దుమ్ము, ఇవన్నీ అతనికి ఫంగస్‌ను తెచ్చేవే. గుజరాత్‌లో పావురాలకు గింజలు వేయడం పుణ్యం. గింజలు వేసే అరుగు, చబూత్రా, చాలాచోట్ల కనిపిస్తుంది. ఆ పుణ్యం మిగతావాళ్ళు చేయండి, కానీ అతని కిటికీ చువ్వల మీద పావురం గూడు కట్టనివ్వకండి. ఎండిన రెట్ట పొడి గాలిలో కలిస్తే చాలు, ఫంగస్ పట్టడానికి. బతుకమ్మ ఆటకు వస్తానంటే రానివ్వండి, మాస్కుతో, దూరంగా. పువ్వుల కుప్పను పేర్చే పని ఇవ్వకండి. సాంబ్రాణి పొగ, అగరొత్తులు దేవుడి గది తలుపు వేసి వెలిగించుకోండి.

భోజనానికి సూరత్, చావుకు కాశీ అని ఇక్కడివాళ్ళు అంటారు. తిండి విషయంలో ఈ ఊరు అతనికి మంచిదే. బరువు పెరగాలి, నెయ్యి తినాలి, ఎంజైములు వేసుకుని ఇక్కడి వంటకాలు లోచో, ఉంధియు వేడివేడిగా తినొచ్చు. పానీపూరీ నీళ్ళు, ఐసు వేసిన చెరకు రసం, కోసి ఉంచిన పళ్ళు, పచ్చి చట్నీ మాత్రం వద్దు. పంపరపనస అసలే వద్దు, అది రక్తంలో టాక్రోలిమస్‌ను అమాంతం పెంచుతుంది.

అన్నిటికన్నా నాకు భయం కలిగించేది వీధి చివరి మందుల కొట్టు. ఒళ్ళు నొప్పులంటే ఒక డైక్లోఫెనాక్ సూది. అది అప్పటికే బరువు మోస్తున్న మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. గొంతు నొప్పికి క్లారిత్రోమైసిన్ ఇస్తే టాక్రోలిమస్ పెరుగుతుంది. చిన్నప్పుడు లేని క్షయకు మందులు మింగిన ఇతనికి, రోగనిరోధక శక్తి అణిచిన ఈ దశలో నిజంగానే క్షయ రావచ్చు. అప్పుడు అందులో ముఖ్యమైన రిఫాంపిసిన్ రక్తంలో టాక్రోలిమస్‌ను దాదాపు తుడిచిపెట్టేస్తుంది. ఆ వైద్యం మార్పిడి కేంద్రంతో మాట్లాడకుండా ఒక్క రోజు కూడా మొదలుపెట్టకూడదు. కాబట్టి కుర్రవాడి పర్సులో ఒక కార్డు ఉండాలి: ఏ ఆపరేషన్, ఏ మందులు, ఎవరికి ఫోన్ చేయాలి. తెలుగులో, గుజరాతీలో, ఇంగ్లీషులో.

మొదటి ఏడాది భయంతో అందరూ శ్రద్ధగా ఉంటారు. అసలు గండం కుర్రవాడు బాగున్నప్పుడు వస్తుంది. ఇరవై రెండేళ్ళవాడు, మెట్లు పరిగెత్తి ఎక్కుతున్నాడు, స్నేహితులతో డుమస్ సముద్రం ఒడ్డుకు వెళ్ళాడు, రాత్రి ఎనిమిది మాత్ర మరిచిపోయాడు. ఏమీ కాలేదు. వారం తర్వాత మళ్ళీ మరిచాడు. లోకమంతటా మార్పిడి చేయించుకున్నవాళ్ళలో మందులు తప్పించే ప్రమాదం ఎక్కువగా ఉన్నది ఈ వయసులోనే. తిట్టడం వల్ల లాభం లేదు. జీవితంలో మొదటిసారి రోగి కానట్టు అనిపిస్తోంది అతనికి, ఆ కోరికను నేను గౌరవిస్తాను. ఆ కోరికకే ఒక పని అప్పగించాలి. చేతిలో పట్టేంత స్పైరోమీటరులో రోజూ పొద్దున్నే ఊది అంకె రాసుకోవడం అతని బాధ్యత, తల్లిది కాదు. ఆ అంకె తన మామూలు కంటే పది శాతం తగ్గి అలాగే ఉంటే, దగ్గు లేకపోయినా, ఆయాసం లేకపోయినా, ఫోన్ చేయాలి. కొత్త ఊపిరితిత్తుల్ని ఒళ్ళు నెమ్మదిగా తిరస్కరిస్తే వాటిలోని చిన్న గొట్టాలు మచ్చకట్టి మూసుకుపోతాయి. పోయినదాన్ని తిరిగి తేలేం, మిగిలింది పోకుండా కొన్నిసార్లు ఆపగలం, అదీ ముందుగా తెలిస్తే. ఈ జబ్బుతో మార్పిడి చేయించుకున్న పెద్దవాళ్ళలో సగం మంది పదేళ్ళకు అటూ ఇటూగా బతుకుతున్నారని అంతర్జాతీయ లెక్కలు చెబుతున్నాయి. మొదటి ఏడాది గట్టెక్కినవాళ్ళకు ఇంకా ఎక్కువ. ఇది కుర్రవాడికి దాచకూడదు. ఇరవై ఏళ్ళకు ముప్పై చూడగలనన్న నమ్మకం లేనివాడికి పదేళ్ళు చిన్నవి కావు.

బాధతో చెప్పాల్సిన సంగతి ఇంకొకటి ఉంది. ఈ ద్వారాలనే బాగుచేసే మాత్రలు వచ్చాయి. 2019 అక్టోబరులో అమెరికాలో ట్రికాఫ్టా అనే మందుకు అనుమతి వచ్చింది. అప్పటి ధర ఏడాదికి మూడు లక్షల పదకొండు వేల డాలర్లు. అది వాడుతున్న దేశాల్లో ఈ జబ్బుకు ఊపిరితిత్తులు మార్చాల్సిన అవసరమే బాగా తగ్గిపోయింది. మన మార్కెట్‌లోకి దాన్ని తయారుచేసే కంపెనీ చాలాకాలం తేలేదు. కొన్ని కుటుంబాలు అర్జెంటీనా జెనరిక్ తెప్పించుకున్నాయి. మన పిల్లల జన్యు లోపాల్లో కొన్నింటికి ఆ మందు పనిచేయకపోవచ్చు కూడా. కానీ పనిచేసే బిడ్డకు అందకపోవడం వైద్యశాస్త్రం వైఫల్యం కాదు. మందు ఉండి, బిడ్డ ఉండి, మధ్యలో ధర అడ్డం నిలబడడం అన్యాయం. దాన్ని అన్యాయమనే పిలవాలి.

దాత గురించి. ఆపరేషన్ తర్వాత కొన్ని నెలలకు కుర్రవాడు రాత్రి నిద్రపోకుండా "ఎవరో పోతే నేను బతికాను" అని కూర్చుంటాడు. దాతకూ గ్రహీతకూ ఒకరి వివరాలు ఒకరికి తెలియనివ్వకపోవడం ఆస్పత్రుల పద్ధతి. పత్రికల్లో వచ్చే ఫోటోలు, తేదీలు చూసి ఎవరో పసిగట్టడం ఈ రోజుల్లో కష్టం కాదు. వెతకవద్దని నేను చెబుతాను. పుత్రశోకంలో ఉన్న తల్లి ఎదుట ఆ కొడుకు ఊపిరితో నిలబడడానికి ఎవరికీ తొందర ఉండకూడదు. పేరు లేని ఉత్తరం రాసి ఆస్పత్రి సమన్వయకర్తకు ఇవ్వొచ్చు, అది చేరుతుంది. అంతకన్నా ముఖ్యం, ఆ దానానికి తగినవాడిగా బతకాలన్న బరువు ఎవరూ అతని మీద పెట్టకూడదు. ఈ సూరత్ కుటుంబాలు పరీక్ష పెట్టి ఇవ్వలేదు. అతను పరీక్ష తప్పినా, ఉద్యోగం మానేసినా, అమ్మతో పోట్లాడినా ఆ ఊపిరితిత్తులు అతనివే.

పెళ్ళి మాట పెద్దలు మెల్లగా నా చెవిలో అడుగుతారు కాబట్టి మైకులోనే చెబుతున్నాను. ఈ జబ్బున్న మగవాళ్ళలో దాదాపు అందరికీ వీర్యనాళాలు పుట్టుకతోనే ఏర్పడవు. కాపురానికి ఏ లోపమూ లేదు, బిడ్డలు మాత్రం మామూలుగా కలగరు. వైద్య సహాయంతో కలిగే దారులున్నాయి, అయితే ముందు అమ్మాయికి జన్యు పరీక్ష చేయించాలి. ఈ సంగతులన్నీ, ఆ పదేళ్ళ లెక్కతో సహా, అమ్మాయికి ముందే తెలియాలి. దాచి చేసిన పెళ్ళి ఇద్దరికీ ద్రోహం.

డబ్బు గురించి. ఆపరేషన్‌కు ముప్పై లక్షలు దాటడం మామూలే. చందాలతో ఆ మొత్తం ఎలాగో పోగవుతుంది, ఆ తర్వాత నెల నెలా అయ్యే మందుల ఖర్చుకు చందాలు రావు. మీ సంఘం ఏదైనా చేయదలిస్తే రెండోదానికి చేయండి. వలస వచ్చినవాళ్ళకు ఒక ఊరట కూడా ఉంది. అవయవాల నిరీక్షణ జాబితాలో పేరు చేర్చాలంటే గుజరాత్ స్థానికత ధ్రువపత్రం కావాలన్న నిబంధనను 2022 నవంబరులో ఇక్కడి హైకోర్టు కొట్టేసింది. 2023లో కేంద్రం కూడా అన్ని రాష్ట్రాలకూ స్థానికత పట్టింపు తీసేయమని చెప్పింది. లింబాయత్‌లో ఉన్నా సిరిసిల్లలో ఉన్నా పేరు నమోదు చేయించుకోవచ్చు.

చివరిగా పని. ఈ కుర్రవాడు సాంచాల (మరమగ్గాల) షెడ్డులోకి వెళ్ళలేడు. ఆ దుమ్ము, ఆ మోత, ఆ పన్నెండు గంటల నిలువుకాళ్ళ షిఫ్టు అతనికి కావు. ఇంట్లో ఖాళీగా కూర్చుంటే మనసు చెడుతుంది, మందులు తప్పుతాయి. ఈ ఊళ్ళో చీరల డిజైన్లు కంప్యూటర్ మీద గీసే పని ఉంది, బట్టల మార్కెట్లో లెక్కలు రాసే పని ఉంది, ఆన్‌లైన్ ఆర్డర్లు చూసే పని ఉంది. సభలో దుకాణాల యజమానులున్నారని చెప్పారు. అతనికి కావాల్సింది దయ కాదు. దుమ్ము లేని మూల ఒక కుర్చీ కావాలి. జ్వరం వచ్చిన సహోద్యోగిని ఆ రోజు పక్కన కూర్చోబెట్టకపోతే చాలు. ఎనిమిదింటికి మాత్ర వేసుకోవడానికి అడగకుండానే ఒక నిమిషం ఇవ్వండి. మొదటి ఏడాది తరచుగా, ఆ తర్వాత రెండు మూడు నెలలకోసారి, చెన్నైకో హైదరాబాదుకో ముంబయికో పరీక్షలకు వెళ్ళిరావడానికి జీతం కోయని సెలవు ఇవ్వండి. ఇవ్వగలిగినవాళ్ళు సభ అయ్యాక నాతో మాట్లాడండి.